స్పిన్‌లు ఎటు చూస్తున్నాయో తేల్చడం: పొడి నమూనాతో న్యూట్రాన్ వివర్తన ప్రయోగం, అడుగడుగునా

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఆక్సైడ్ పదార్థాల మీద పనిచేసే పరిశోధక విద్యార్థులు తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. నమూనా తయారైంది, అయస్కాంతీకరణ కొలతలో ఒక ఉష్ణోగ్రత దగ్గర మలుపు కనిపిస్తోంది, అది యాంటీఫెర్రో అయస్కాంతమని, అంటే దాని పరమాణువుల చిన్న అయస్కాంతాలు (స్పిన్‌లు) పక్కపక్కనే ఎదురెదురు దిశల్లో నిలబడతాయని కూడా తెలుస్తోంది. కానీ స్ఫటికంలో స్పిన్‌లు ఏ క్రమంలో, ఏ దిశలో నిలబడ్డాయో చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఆ ప్రశ్న. ఆ పనిని వరుసగా ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఉదాహరణగా లాంథనం ఫెర్రైట్‌ను (LaFeO₃) తీసుకుంటున్నాను. దాని నీల్ ఉష్ణోగ్రత (స్పిన్‌ల క్రమం చెదిరిపోయే ఉష్ణోగ్రత) సుమారు 740 కెల్విన్ కాబట్టి గది ఉష్ణోగ్రతలోనే దాని స్పిన్‌లు క్రమంలో ఉంటాయి, మొదటి ప్రయోగానికి శీతలీకరణ యంత్రంతో పనిలేదు. రెండో ఉదాహరణ నికెల్ ఆక్సైడ్. దాని నీల్ ఉష్ణోగ్రత సుమారు 525 కెల్విన్.

1. ముందుగా మూడు నియమాలు

ఎక్స్-కిరణాలు ప్రధానంగా ఎలక్ట్రాన్ల ఆవేశాన్ని చూస్తాయి. న్యూట్రాన్‌కు ఆవేశం లేదు గాని సొంత అయస్కాంత భ్రామకం ఉంది. అందువల్ల పరమాణు కేంద్రకాలూ, జతకూడని ఎలక్ట్రాన్లూ దాన్ని విడివిడిగా పరిక్షేపిస్తాయి. మనకు కావలసిన సమాచారం ఆ రెండో పరిక్షేపణంలో ఉంది.

మొదటి నియమం: పరిక్షేపణ సదిశకు (న్యూట్రాన్ వచ్చిన దిశకూ పోయిన దిశకూ ఉన్న తేడాను చూపే బాణానికి) లంబంగా ఉన్న భ్రామక భాగం మాత్రమే వివర్తన చిత్రంలో శిఖరాన్ని ఇస్తుంది. సదిశ వెంబడే స్పిన్‌లు ఉంటే ఆ అయస్కాంత శిఖరం పూర్తిగా మాయమవుతుంది. వివర్తనంలో దిశను తేల్చే ఆధారం ఇదొక్కటే.

రెండో నియమం: కోణం పెరిగేకొద్దీ అయస్కాంత పరిక్షేపణం తగ్గిపోతుంది. మూడు ఆవేశాల ఇనుము అయానుకు ఆకార గుణకం (ఈ తగ్గుదలను చెప్పే సంఖ్య) 4.54 ఆంగ్‌స్ట్రామ్‌ల తలాంతరం (స్ఫటిక తలాల మధ్య దూరం; కోణం పెరిగితే ఇది తగ్గుతుంది) దగ్గర సుమారు 0.90, 1.5 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర సుమారు 0.43. తీవ్రత దీని వర్గం మీద ఆధారపడుతుంది కాబట్టి 0.81 నుంచి 0.19కి పడిపోతుంది. అందుకే అయస్కాంత శిఖరాల కోసం చిన్న కోణాల్లో వెతకాలి.

మూడో నియమం: తీవ్రత భ్రామకపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. ఒక బోర్ మాగ్నెటాన్‌కు (భ్రామకాన్ని కొలిచే ప్రమాణం) పరిక్షేపణ దైర్ఘ్యం, అంటే పరిక్షేపణ బలాన్ని చెప్పే కొలత, 2.695 ఫెమ్టోమీటర్లు. నాలుగు మాగ్నెటాన్ల ఇనుము 0.90 గుణకంతో సుమారు 9.7 ఫెమ్టోమీటర్లు ఇస్తుంది, ఇనుము కేంద్రకం ఇచ్చేది 9.45, అంటే రెండూ సమ ఉజ్జీలు. అదే భ్రామకం అర మాగ్నెటాన్ అయితే తీవ్రత 64వ వంతుకు చేరుతుంది. చిన్న భ్రామకం ఉన్న పదార్థానికి మీరు అడగవలసిన యంత్ర సమయం ఈ లెక్కను బట్టే ఉంటుంది.

2. దరఖాస్తుకు ముందు శోషణ లెక్క

కొన్ని మూలకాలు న్యూట్రాన్లను మింగేస్తాయి. 1.8 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం దగ్గర గాడోలినియం శోషణ మధ్యచ్ఛేదం (న్యూట్రాన్లను మింగే శక్తికి కొలత, బార్న్‌లలో) సుమారు 49,700 బార్న్‌లు, సమేరియానిది 5,900, యూరోపియానిది 4,500, డిస్ప్రోసియానిది 990, సహజ బోరాన్‌ది 770. ఇనుముది 2.6 మాత్రమే, లాంథనానిది 9.

లెక్క సులభం. యూనిట్ సెల్‌లోని (స్ఫటికంలో పదేపదే వచ్చే చిన్న గడిలోని) పరమాణువుల శోషణ బార్న్‌లన్నీ కూడి, సెల్ ఘనపరిమాణపు ఘన ఆంగ్‌స్ట్రామ్‌లతో భాగిస్తే శోషణ గుణకం నేరుగా సెంటీమీటరుకు ఇంత అని వస్తుంది; పది ఘాతాలు ఒకదానికొకటి కొట్టివేసుకుంటాయి.

లాంథనం ఫెర్రైట్ సెల్‌లో నాలుగు అణుసూత్రాలు, ఘనపరిమాణం సుమారు 243. కాబట్టి నాలుగు లాంథనం, నాలుగు ఇనుము పరమాణువుల 46 బార్న్‌లను 243తో భాగిస్తే సెంటీమీటరుకు 0.19. ఆరు మిల్లీమీటర్ల గొట్టంలో పొడికి ఇది దిగులుపడవలసిన సంఖ్య కాదు. అదే గాడోలినియం ఫెర్రైట్‌కు లెక్కిస్తే సెంటీమీటరుకు 860 దాటుతుంది. కిరణపుంజం పదార్థంలోకి 0.012 మిల్లీమీటరు చొరబడేసరికే మూడింట రెండు వంతులు పోతుంది. మామూలు గొట్టంలో మామూలు గాడోలినియం నమూనా పెట్టి సమయం అడగవద్దు.

దారులు లేకపోలేదు. గాడోలినియం-160, సమేరియం-154, బోరాన్-11 వంటి ఐసోటోప్‌లతో నమూనా చేయవచ్చు. గోడ పలుచగా ఉండే రెండు గొట్టాల మధ్య పొడిని పరచవచ్చు. తక్కువ తరంగదైర్ఘ్యం వాడవచ్చు. హైడ్రోజన్ ఉన్న పదార్థాల్లో సమస్య వేరు. దాని 80 బార్న్‌ల అసంబద్ధ పరిక్షేపణం (శిఖరాలివ్వకుండా అన్ని వైపులకూ చెదిరేది) నేపథ్యాన్ని పైకి లేపి చిన్న శిఖరాలను ముంచేస్తుంది, కాబట్టి డ్యుటీరియంతో చేసిన నమూనా కావాలి.

3. నమూనా: పది గ్రాములు, ఒకే దశ

ప్రయోగశాల ఎక్స్-కిరణ యంత్రానికి చిటికెడు పొడి చాలు. న్యూట్రాన్లకు గ్రాముల్లో కావాలి, ఐదు నుంచి పది గ్రాములు చేతిలో ఉంచుకోండి. ఒక గ్రాము చొప్పున పదిసార్లు చేసి కలపవద్దు, ఒకే విడతలో చేయండి.

పది గ్రాముల లాంథనం ఫెర్రైట్‌కు 6.711 గ్రాముల లాంథనం ఆక్సైడ్, 3.289 గ్రాముల ఫెర్రిక్ ఆక్సైడ్ కావాలి.

తూకంలోనే మొదటి ఉచ్చు ఉంది. లాంథనం ఆక్సైడ్ గాలిలోని తేమను పీల్చుకుని హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. సీసా మీద ఆక్సైడ్ అని రాసి ఉన్నా లోపల పూర్తిగా హైడ్రాక్సైడ్ ఉంటే, తూచిన దానిలో లాంథనం 14 శాతం తక్కువ పడుతుంది. మన దగ్గర ఈశాన్య రుతుపవనాల నెలల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఇది మరీ త్వరగా జరుగుతుంది. నేను ఒక నవంబరులో, బయట ముసురు పట్టి ఉండగా, సీసా మూత తీసి నేరుగా తూచాను. పొడి చూపుకు ఎప్పటిలాగే తెల్లగా, మెత్తగా ఉంది. వేలితో నొక్కితే మాత్రం కొంచెం ముద్దకట్టినట్టు అనిపించింది, పట్టించుకోలేదు. ఆ విడతలో మిగిలిపోయిన ఫెర్రిక్ ఆక్సైడ్ తర్వాత నెలల పనిని వృథా చేసింది.

ఎందుకంత నష్టమంటే, మిగిలిన ఫెర్రిక్ ఆక్సైడ్, అంటే హెమటైట్, తానే ఒక యాంటీఫెర్రో అయస్కాంతం. గది ఉష్ణోగ్రతలో దాని బలమైన అయస్కాంత శిఖరం 4.58 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర వస్తుంది. లాంథనం ఫెర్రైట్ శిఖరం 4.54 దగ్గర ఉంటుంది. 1.48 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యంతో కొలిస్తే ఒకటి 18.6 డిగ్రీల దగ్గర, రెండోది 18.8 దగ్గర పడి కలిసిపోతాయి, మీ భ్రామకం ఉన్నదానికంటే పెద్దదిగా వస్తుంది. హెమటైట్ రెండో అయస్కాంత శిఖరం 4.16 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, 20.5 డిగ్రీల వద్ద విడిగా ఉంటుంది. అనుమానం వస్తే అక్కడ చూడండి.

కాబట్టి వరుస ఇలా ఉండాలి:

☐ లాంథనం ఆక్సైడ్‌ను 900 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు కాల్చండి.
☐ కొలిమి నుంచి తీసి డెసికేటర్‌లో చల్లార్చి, ఆలస్యం లేకుండా తూచండి.
☐ అగేట్ కల్వంలో బాగా నూరి కాల్చండి. మధ్యలో కనీసం రెండుసార్లు తీసి మళ్ళీ నూరండి.
☐ ఎక్స్-కిరణ వివర్తనంలో తీవ్రతను లాగరిథమ్ కొలబద్దపై గీసి అపరిశుద్ధ దశల కోసం చూడండి. మామూలు కొలబద్ద మీద రెండు శాతం అపరిశుద్ధి కంటికి ఆనదు.
☐ అయస్కాంతీకరణను ఉష్ణోగ్రతతో కొలిచి నీల్ ఉష్ణోగ్రతను నమోదు చేయండి. వీలైతే విశిష్టోష్ణం కూడా కొలవండి.

4. రైలెక్కే ముందు

మన దేశంలో విశ్వవిద్యాలయాల వారికి అందుబాటులో ఉన్న ప్రధాన న్యూట్రాన్ మూలం ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో ఉన్న 100 మెగావాట్ల ధ్రువ రియాక్టర్. యూజీసీ-డీఏఈ కన్సార్షియం ఫర్ సైంటిఫిక్ రీసెర్చ్ ముంబై కేంద్రం ద్వారా విశ్వవిద్యాలయాల వారు అక్కడ ప్రయోగాలు చేస్తారు. ప్రవేశ అనుమతికి కాగితాలు ముందుగా పంపాలి.

రేణిగుంటలో ముంబై రైలు ఎక్కాక మరిచిపోయినది తెచ్చుకునే వీలుండదు. బయలుదేరే ముందు ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి:

☐ నమూనా బరువు, అణుసూత్రం, సాంద్రత, శోషణ లెక్క రాసిన కాగితం
☐ ఎక్స్-కిరణ దత్తాంశం, దాని నుంచి వచ్చిన సెల్ కొలతలు
☐ నీల్ ఉష్ణోగ్రత, కొలవదలచిన ఉష్ణోగ్రతల పట్టిక, ప్రాధాన్య క్రమంలో
☐ మీరు ఆశిస్తున్న అయస్కాంత శిఖరాల స్థానాలు, అక్కడి తరంగదైర్ఘ్యానికి లెక్కించినవి
☐ కిరణంలో ఉంచాక రేడియోధార్మికం కాగల మూలకాల జాబితా

చివరి అంశాన్ని చాలామంది వదిలేస్తారు. మాంగనీస్ ధార్మికత అర్ధాయువు 2.6 గంటలే కాబట్టి త్వరగా చల్లారుతుంది. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 సంవత్సరాలు. కోబాల్ట్ ఉన్న నమూనా వెంటనే తిరిగి చేతికి రాకపోవచ్చు, కాబట్టి మిగతా కొలతలకు కొంత పొడిని ఇంటి దగ్గరే ఉంచుకోండి.

5. యంత్రం దగ్గర కొలతల క్రమం

పొడిని వెనేడియం గొట్టంలో నింపుతారు. వెనేడియం సంబద్ధ (శిఖరాలిచ్చే) పరిక్షేపణ దైర్ఘ్యం దాదాపు సున్నా కాబట్టి దాని శిఖరాలు కనిపించవు. శీతల యంత్రపు అల్యూమినియం గోడలు మాత్రం 2.34 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, ఇంకా కొన్ని చోట్ల శిఖరాలిస్తాయి. ఖాళీ యంత్రం దత్తాంశాన్ని అడిగి తీసుకోండి.

పొడిని కొంచెం కొంచెంగా పోస్తూ, తట్టి, ఎత్తు ఒకేలా వచ్చేట్టు నింపండి. వదులుగా పోస్తే రవాణాలో కుంగి కిరణం పైభాగంలో ఖాళీని తాకుతుంది.

మొదట నీల్ ఉష్ణోగ్రతకు బాగా పైన ఒక పూర్తి కొలత, తర్వాత అత్యల్ప ఉష్ణోగ్రతలో మరొక పూర్తి కొలత. రెండూ ఒకే మానిటర్ లెక్కకు (నమూనా మీద పడే న్యూట్రాన్ల లెక్కకు) జరగాలి, మధ్యలో గొట్టాన్ని కదపకూడదు. నీల్ ఉష్ణోగ్రతకు కాస్త పైన ఆగితే చాలదు. అక్కడ ఇంకా మిగిలి ఉండే స్వల్పవ్యాప్తి క్రమం (కొద్ది దూరానికే పరిమితమైనది) చిన్న కోణాల్లో వెడల్పాటి మూపురంలా కనిపించి, తర్వాత ఒక కొలత నుంచి మరొకదాన్ని తీసివేయడాన్ని చెడగొడుతుంది. మధ్య ఉష్ణోగ్రతల్లో చిన్న కోణాలు మాత్రమే కొలిచి సమయం ఆదా చేసుకోవచ్చు.

లాంథనం ఫెర్రైట్‌కు నీల్ ఉష్ణోగ్రతకు పైన కొలత కావాలంటే కొలిమి ఉండాలి. అది దొరకకపోతే కేంద్రక నిర్మాణాన్ని (స్పిన్‌లను పక్కనపెట్టి పరమాణువుల అమరికను) పెద్ద కోణాల శిఖరాల నుంచి తేల్చుకోవాలి, ఎందుకంటే అక్కడ అయస్కాంత భాగం ఎలాగూ క్షీణిస్తుంది.

6. ముందు కేంద్రక నిర్మాణం, ఆ తర్వాతే స్పిన్‌లు

అయస్కాంత శిఖరం కనబడగానే స్పిన్‌లు పెట్టి చూడాలనిపిస్తుంది. ఆగండి. స్కేలు గుణకం (లెక్కించిన తీవ్రతలను కొలిచినవాటికి సరిపెట్టే సంఖ్య), శిఖరాల ఆకారం, ఆక్సిజన్ స్థానాలు, ఉష్ణ కంపన గుణకాలు నికరంగా కుదిరాకే ముందుకు వెళ్ళాలి. భ్రామకపు పరిమాణం మొత్తం ఆ స్కేలు గుణకం మీద నిలబడుతుంది.

వాడదగిన సాఫ్ట్‌వేర్‌లు ఫుల్‌ప్రాఫ్, జీశాస్-2, జానా. ఒకటి ఎంచుకుని దానితోనే చివరిదాకా వెళ్ళండి.

ఆక్సిజన్ స్థానాలు న్యూట్రాన్లతో బాగా తేలతాయి. దాని పరిక్షేపణ దైర్ఘ్యం 5.80 ఫెమ్టోమీటర్లు, లాంథనానిది 8.24. ఎక్స్-కిరణాలకు లాంథనం పక్కన ఆక్సిజన్ దాదాపు కనిపించదు, కాబట్టి పాత ఎక్స్-కిరణ స్థానాలను స్థిరంగా ఉంచి పని కానివ్వకండి.

7. ప్రసారణ సదిశను కనుక్కోవడం

ధనుర్మాసంలో వాకిట చుక్కల ముగ్గు వేసేటప్పుడు అన్ని చుక్కలూ తెల్లగా ఉంటే ఒక చుక్క నుంచి మరో చుక్కకు ఉన్న దూరమే ఆవర్తన దూరం. ఒకటి విడిచి ఒకదానికి పసుపు అద్దితే, అదే రంగు చుక్క మళ్ళీ రావడానికి రెట్టింపు దూరం పోవాలి. స్పిన్‌లు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నప్పుడు జరిగేదీ ఇదే. నిజ స్థలంలో దూరం రెట్టింపైతే వివర్తనంలో పాత శిఖరాల మధ్య సగం స్థానాల్లో కొత్త శిఖరాలు వస్తాయి. ఆ జరుగుబాటును చెప్పేది ప్రసారణ సదిశ.

నికెల్ ఆక్సైడ్‌లో అది సగం-సగం-సగం. సెల్ భుజం 4.177 ఆంగ్‌స్ట్రామ్‌లు కాబట్టి మొదటి అయస్కాంత శిఖరం 4.82 దగ్గర, 1.48 తరంగదైర్ఘ్యంతో 17.65 డిగ్రీల వద్ద పడుతుంది.

లాంథనం ఫెర్రైట్‌లో ప్రతి ఇనుము అయానుకూ చుట్టూ ఉన్న ఆరు ఇనుము అయాన్లు ఎదురు దిశలోనే ఉంటాయి, అయినా ప్రసారణ సదిశ సున్నా. విద్యార్థులు ఇక్కడ తికమకపడతారు. దాని సెల్ ముందే నాలుగు ఇనుము అయాన్లను కలుపుకుని ఉంది; రెండు రంగుల చుక్కలూ ఒకే గడిలో ఉన్నందువల్ల గడి పెరగవలసిన అవసరం లేదు. సదిశ సున్నా అయితే ఫెర్రో అయస్కాంతమే అనుకోవడం పొరపాటు.

ఇక్కడ అసలు ఉచ్చు సగం తరంగదైర్ఘ్యం. మోనోక్రోమేటర్ (ఒకే తరంగదైర్ఘ్యాన్ని ఎంచే పరికరం) గుండా సగం తరంగదైర్ఘ్యపు న్యూట్రాన్లు కొన్ని జారివస్తే, నికెల్ ఆక్సైడ్‌లోని 111 (శిఖరాన్నిచ్చే స్ఫటిక తలాల గుర్తు) కేంద్రక శిఖరానికి ఒక నీడ సరిగ్గా సగం-సగం-సగం స్థానంలోనే పడుతుంది. అది అయస్కాంత శిఖరంలాగే కనిపిస్తుంది. తేడా ఒక్కటే: నీల్ ఉష్ణోగ్రత దాటినా అది పోదు. పై ఉష్ణోగ్రత కొలత తప్పనిసరి అని అన్నది అందుకే.

8. సౌష్ఠవం అనుమతించే అమరికలు

ఇష్టం వచ్చినట్టు బాణాలు తిప్పుతూ కూర్చోవద్దు. స్పేస్ గ్రూప్ (స్ఫటిక సౌష్ఠవ వర్గం), ప్రసారణ సదిశ, అయస్కాంత అయాను స్థానం ఇస్తే సాధ్యమైన అమరికలను శారా, బేస్‌ఐరెప్స్, బిల్బావో సర్వర్‌లోని మ్యాక్స్‌మాగ్న్ వంటి ప్రోగ్రాములు లెక్కించి ఇస్తాయి. మొత్తం 1651 అయస్కాంత స్పేస్ గ్రూప్‌లు ఉన్నాయి. మీ పదార్థానికి మిగిలేవి గుప్పెడే.

పీబీఎన్ఎం అనే స్పేస్ గ్రూప్ అమరికలో లాంథనం ఫెర్రైట్ ఇనుముకు నాలుగే ప్రాతినిధ్యాలు (సౌష్ఠవం అనుమతించే స్పిన్ అమరికల రకాలు) వస్తాయి, గామా-1 నుంచి గామా-4 వరకు. దీనికి సరిపడేది గామా-4: ప్రధాన జి-రకం (ఆరు పొరుగు అయాన్లూ ఎదురు దిశలో ఉండే) భాగం ఎ-అక్షం వెంబడి, సి-అక్షం వెంబడి అతి స్వల్ప ఫెర్రో భాగం.

జాగ్రత్త: ఇదే నిర్మాణాన్ని కొందరు పీఎన్ఎంఎ అమరికలో రాస్తారు. అక్షాలు చక్రీయంగా మారి పీబీఎన్ఎంలోని ఎ-అక్షం అక్కడ సి-అక్షమవుతుంది, 011 శిఖరం 110 అవుతుంది. పాత ఫలితంతో పోల్చేముందు ఎవరు ఏ అమరికలో రాశారో చూడండి.

9. సరిపోల్చడం

ఒక్కో ప్రాతినిధ్యాన్నీ విడిగా, ఒకే ఆరంభ భ్రామకంతో ప్రయత్నించి, అయస్కాంత ఆర్-గుణకాలను (లెక్కకూ కొలతకూ ఉన్న తేడాను చెప్పే సంఖ్యలను) పట్టికగా రాసుకోండి. నచ్చినదాన్ని మాత్రమే ప్రయత్నించి ఆపితే మిగతావి కుదరవని చెప్పే హక్కు మీకుండదు.

అయస్కాంత దశ స్కేలు గుణకాన్ని కేంద్రక దశతో బిగించండి. దాన్ని విడిచిపెడితే భ్రామకం, స్కేలు ఒకదానికొకటి సర్దుకుని ఏ సంఖ్యనైనా ఇస్తాయి. గీత అందంగా కుదురుతుంది, విలువ అబద్ధమవుతుంది. అయస్కాంత సెల్‌ను పెద్దదిగా రాసినప్పుడు సెల్ ఘనపరిమాణాల నిష్పత్తిని లెక్కలోకి తీసుకోవడం మరవకండి.

వచ్చిన భ్రామకాన్ని స్పిన్ మాత్రమే ఉన్నప్పటి గరిష్ఠంతో పోల్చండి: మూడు ఆవేశాల ఇనుముకు 5, క్రోమియంకు 3, మాంగనీస్‌కు 4, రెండు ఆవేశాల నికెల్‌కు 2. దాటితే ఎక్కడో తప్పుంది. స్కేలు, ఆకార గుణకపు అయాను గుర్తు, అపరిశుద్ధి, ఈ వరుసలో వెతకండి. గది ఉష్ణోగ్రతలో లాంథనం ఫెర్రైట్‌కు 4కు అటూఇటూగా రావడం సహజం.

10. దిశ విషయంలో పొడి ఎంతవరకు చెప్పగలదు

ఎక్కువ తప్పులు అచ్చవుతున్నది ఇక్కడే అని నా అభిప్రాయం. కాబట్టి ఒక లెక్కను చేతితో చేసి చూద్దాం.

లాంథనం ఫెర్రైట్‌లో 101, 011 శిఖరాలు 4.54 దగ్గర అర శతాంశం తేడాతో పడతాయి, పొడి వివర్తనంలో రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. స్పిన్‌లు ఎ-అక్షం వెంబడి ఉంటే, 101 సదిశకు ఎ-అక్షంతో ఉన్న కోణపు కొసైన్ వర్గం మూడింట రెండు. లంబ భాగం మిగిలేది మూడింట ఒకటి. 011కు ఎ-అక్షం పూర్తిగా లంబం, కాబట్టి ఒకటి. మొత్తం మూడింట నాలుగు.

ఇప్పుడు స్పిన్‌లను సి-అక్షం వెంబడి పెట్టండి. రెండు సదిశలకూ కొసైన్ వర్గం మూడింట ఒకటి, లంబ భాగం మూడింట రెండు చొప్పున. మొత్తం మళ్ళీ మూడింట నాలుగు. బి-అక్షానికి చేసినా అదే వస్తుంది.

అంటే కలిసిపోయిన ఆ శిఖరం జి-రకం క్రమం ఉందని బల్లగుద్ది చెబుతుంది, భ్రామకం పరిమాణం చెబుతుంది, దిశ గురించి ఒక్క మాట చెప్పదు. సాఫ్ట్‌వేర్ ఒక దిశను, దానికొక దోష పరిమితిని ఇస్తుంది. దాన్ని నమ్మి రాయవద్దు. దిశకు ఆధారం సి-అక్షపు బలహీన ఫెర్రో అయస్కాంతత్వం చూపే అయస్కాంతీకరణ కొలతల నుంచి, ఏక స్ఫటికం నుంచి, లేదా ధ్రువీకృత (స్పిన్‌లన్నీ ఒకే దిశలో ఉన్న) న్యూట్రాన్ల నుంచి రావాలి. ఆ ఫెర్రో భాగం శతాంశాల మాగ్నెటాన్‌లలో ఉంటుంది కాబట్టి పొడి న్యూట్రాన్ శిఖరాల్లో దాన్ని వెతకడం వృథా.

సాధారణ నియమం ఇది. ఘన సౌష్ఠవంలో అన్ని స్పిన్‌లూ ఒకే గీత వెంబడి ఉంటే పొడి నుంచి దిశ తేలదు. చతుర్భుజ, షడ్భుజ, త్రికోణ సౌష్ఠవాల్లో ప్రధాన అక్షంతో చేసే కోణం మాత్రమే తేలుతుంది. నికెల్ ఆక్సైడ్‌లో సగం-సగం-సగం శిఖరం బలంగా ఉండటం వల్ల స్పిన్‌లు 111 తలాల్లో పడుకున్నాయని చెప్పవచ్చు. ఆ తలంలో ఎటు తిరిగాయో పొడి చెప్పదు.

11. చిక్కులు, వాటి విరుగుడు

కొత్త శిఖరం ఏ ప్రసారణ సదిశకూ లొంగడం లేదు: ముందుగా అపరిశుద్ధిని, అల్యూమినియాన్ని, సగం తరంగదైర్ఘ్యాన్ని తోసిపుచ్చండి. ఆ తర్వాతే భిన్నాలకు లొంగని సదిశ గురించి, అంటే సర్పిలంగా తిరిగే స్పిన్‌ల గురించి ఆలోచించండి.

శిఖరాలు కొత్తగా రాలేదు, పాతవే కాస్త పెరిగాయి: ప్రసారణ సదిశ సున్నా కావచ్చు. రెండు ఉష్ణోగ్రతల దత్తాంశాలను తీసివేసి చూడండి. సెల్ సంకోచం వల్ల శిఖరాల దగ్గర పైకీ కిందికీ వచ్చే అలలను అయస్కాంత సంకేతంగా పొరబడవద్దు.

అయస్కాంత శిఖరం వెడల్పుగా ఉంది, కేంద్రక శిఖరాలు సన్నగా ఉన్నాయి: క్రమం పరిమిత దూరానికే వ్యాపించింది. అయస్కాంత దశకు విడిగా వెడల్పు ఇవ్వండి, ఆ పరిధిని కూడా నివేదించండి.

రెండు అమరికలు సమానంగా కుదిరాయి: రెండింటినీ పత్రంలో రాయండి. ఆ రెంటినీ వేరుచేయగల కొలత ఏదో పేర్కొనండి. తుది అమరికను అయస్కాంత సిఫ్ ఫైలుగా (స్ఫటిక నిర్మాణాన్ని రాసే ప్రామాణిక ఫైలు), వాడిన స్పేస్ గ్రూప్ అమరిక, ఉష్ణోగ్రత, తరంగదైర్ఘ్యం, స్కేలు బిగించిన తీరుతో సహా జతచేయండి. మీ తర్వాత అదే నమూనా మీద పనిచేసేవారు ఆ ఫైలు తెరిచి మీ బాణాలను ఒక్కొక్కటిగా సరిచూసుకోగలగాలి.